చేతులు తొడల కింద పెట్టుకున్న రోజులు

ఆదివారం పూట మారేడ్‌పల్లిలోని మా ఇంటికి ఎవరో ఒకరు కొడుకునో కూతురినో వెంటబెట్టుకుని వస్తుంటారు. వాయుసేనలో విమానాలు నడిపి, ఆ తర్వాత ఎయిర్‌లైన్స్‌లో కెప్టెన్‌గా రిటైరైనవాణ్ని ఈ వీధిలో నేనొక్కణ్నే కాబట్టి ఆ మర్యాద నాకు దక్కుతోంది. కాఫీ తాగుతారు, గోడ మీది ఫొటోలు చూస్తారు, చివరికి తండ్రి అసలు సంగతికి వస్తాడు. "ఫ్లయింగ్ స్కూల్లో చేర్పించాలంటే ఇల్లు అమ్ముకోవాలండీ. అదే వాయుసేనలో చేరితే వాళ్లే నేర్పిస్తారు కదా. నేర్చుకున్నాక మెల్లగా ఎయిర్‌లైన్స్‌లోకి వచ్చేస్తే పోలా?" అంటాడు.

ఆ 'మెల్లగా వచ్చేస్తే' అన్న మాట వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది. మా ఆవిడ అది కనిపెట్టి, తలుపు దగ్గర నిలబడి కళ్లతోనే వద్దంటుంది. అప్పుడు గొంతు తగ్గించి చెబుతాను. బాబూ, వాయుసేన ఊరికే దొరికే డ్రైవింగ్ స్కూల్ కాదు. సంతకం పెట్టాక మీ వాడి యవ్వనమంతా వాళ్లది. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పెట్టె సర్దుకోవాలి. యుద్ధమొస్తే ముందు వెళ్లాల్సింది వీడే. బయటికి పోతానంటే సరే పొమ్మని ఎవరూ తలుపు తీసి పట్టుకోరు. వదిలాక కూడా, అంతదాకా ఎన్ని విమానాలు నడిపినా సరే, సివిల్ లైసెన్సు కోసం కుర్రాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని పరీక్షలు రాయాలి. ఇదంతా ఒప్పుకుంటే అంతకంటే మంచి దారి నాకు తెలియదు, సంతోషంగా పంపించండి అంటాను.

ఇంతవరకూ అందరికీ చెబుతాను. అసలు కష్టం ఏమిటో మాత్రం చెప్పను. ఒక్క కప్పు కాఫీలో తేలే సంగతి కాదది. ఆ అబ్బాయిలూ అమ్మాయిలూ ఎప్పుడైనా చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

మాది తెనాలి వైపు. నాన్నగారు పెళ్లయిన కొత్తలో సికింద్రాబాద్ వచ్చి రెజిమెంటల్ బజార్‌లో చిన్న కొట్టు పెట్టారు. ఇనుప ట్రంకు పెట్టెలు, బెల్టులు, ఇత్తడి గుండీలు, బూట్ పాలిష్, బ్రష్షులు, ఇలా కంటోన్మెంట్‌లో ఉండేవాళ్లకు కావలసినవన్నీ అమ్మేవారు. బడి వదలగానే నేను కొట్లో కూర్చుని గుండీలు తళతళలాడేదాకా తోమేవాణ్ని. ఆఫీసరెవరైనా గడప తొక్కితే నాన్నగారు లేచి నిలబడేవారు. అది నాకు నచ్చేది కాదు. నేనే ఆఫీసరునైతే ఈయన లేవక్కర్లేదు కదా అనుకునేవాణ్ని. నా వాయుసేన పిచ్చికి మొదలు అదే, దేశభక్తి అని చెప్పుకోవడం తర్వాత నేర్చుకున్నాను. తీరా నేను యూనిఫాం వేసుకుని కొట్లోకి వెళ్లిన రోజున ఆయన లేచి నిలబడ్డారు. "నాన్నా, కూర్చోండి, నేనే" అన్నాను. "తెలుసులేరా, కూర్చోలేకపోతున్నాను" అన్నారు.

వాయుసేన అకాడమీ ఊరి అవతలే ఉండేది. అయినా నెలల తరబడి ఇల్లు చూడలేదు. మొదటిసారి నన్ను విమానమెక్కించిన గురువుగారు పంజాబ్ మనిషి. పొట్టిగా, బక్కగా ఉండేవాడు. అరిచేవాడు కాదు. వెనక సీట్లోంచి ఆ మెత్తటి గొంతు చెవిలో పడితే చాలు, నా వెన్ను నిటారైపోయేది. నేను ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టాక, దిగిన ప్రతిసారీ హిందీలో ఒకే ప్రశ్న వేసేవాడు. "నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సర్."

"మరిచిపోకు."

అంతే పాఠం. యుద్ధ విమానంలో ఒక్కడే కూర్చుంటాడు. చూసేదీ వాడే, ఆలోచించేదీ వాడే, చేసేదీ వాడే. ఇంకొకరికి చెప్పి చేయిద్దామనుకునేలోపు నేల వచ్చేస్తుంది. ఆ పాఠం నన్ను ఒకసారి ప్రాణాలతో ఇంటికి చేర్చింది. ఉత్తరాదిన ఒక స్థావరంలో, పైకి లేచిన కాసేపటికే ఇంజనులోకి పక్షి దూరింది. విమానం మొత్తం గజగజ వణికింది. రేడియోలో నేను నోరు తెరిచి సంగతి చెప్పేసరికే విమానం వెనక్కి తిరిగి రన్‌వేకి ఎదురుగా ఉంది. చేతులు వాటంతటవే అన్నీ చేసేశాయి. ఆ సాయంత్రం గురువుగారికి ఫోన్ చేసి ఏడ్చేశాను. ఆయన కాసేపు విని, "ఇంటికి ఫోన్ చేశావా? ముందు అది చెయ్" అని పెట్టేశాడు. ఆయన ఇప్పుడు లేడు. నేను ఉన్నానంటే ఆయన చలవే.

నలభై దగ్గర పడుతుండగా బయటికొచ్చాను. మా ఆవిడ టీచరు. నా ప్రతి బదిలీకీ ఆమె ఒక బడి వదిలి ఇంకో బడి వెతుక్కునేది. ఇక ఒక్క ఊళ్లో ఉందామంది. ఆమె మా ఇద్దరి తరఫునా ఏదైనా అడగడం అదే మొదలు.

ఎయిర్‌లైన్స్‌లో ముందు కుడి సీటు ఇచ్చారు. అంటే కోపైలట్. ఎడమ సీట్లో నాకంటే చిన్నవాళ్లు కెప్టెన్లుగా ఉండేవారు. వాళ్లు నన్ను సర్ అనేవారు, నేను వాళ్లను సర్ అనేవాణ్ని, మా వెనక ఎయిర్ హోస్టెస్‌లు నవ్వుకునేవారు. మొదటి రోజుల్లో ఒకసారి ప్రయాణికులకు మైకులో సమయం చెప్పమన్నారు. నేను పాత అలవాటు కొద్దీ, ఇంకో అరగంటలో టార్గెట్ మీదికి చేరుకుంటామని ప్రకటించాను. అదృష్టం బాగుండి సగంమంది నిద్రలో ఉన్నారు. మా కెప్టెన్ మాత్రం దిగేదాకా ఒంటి చేత్తో నోరు మూసుకునే ఉన్నాడు.

కొన్నేళ్లు అలా గడిచాయి. కెప్టెన్ పరీక్షకు నా వంతు వచ్చింది. పరీక్ష మొదట సిమ్యులేటర్‌లో పెడతారు. కదిలే ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన కాక్‌పిట్ గది లాంటిదది. లోపల కూర్చుంటే అచ్చం విమానమే. వెనక కూర్చున్న ట్రైనింగ్ కెప్టెన్ మీట నొక్కి వాన తెప్పిస్తాడు, ఇంజను ఆపుతాడు, నిప్పు పెడతాడు. నాకు దొరికిన ట్రైనింగ్ కెప్టెన్ బోయిగూడ మనిషి. నాకంటే పదేళ్లు చిన్న. సైకిల్ రిపేరు షాపు పెట్టుకున్న ఆయన కొడుకు, ఫ్లయింగ్ క్లబ్బులో ఎగరడం నేర్చుకున్నాడు. క్లబ్బులో నేర్చుకున్నవాళ్లంటే నాకు లోలోపల చిన్నచూపు ఉండేది. ఆ మాట నేను ఎప్పుడూ పైకి అనలేదు, కానీ నా మొహం అనేదట.

ఆ రోజు మేం లేవగానే ఆయన ఒక ఇంజనుకు నిప్పు పెట్టాడు. గంట మోగింది. నేను ఊపిరి తీసుకునేలోపే గంట ఆపేశాను, ఇంజను ఆపేశాను, నిప్పు ఆర్పేశాను, విమానాన్ని తిప్పాను. పక్కన కోపైలట్ కుర్రాడు ఉన్నాడు. అతను చేయాల్సిన పనులు కూడా చెయ్యి చాచి నేనే చేసేశాను. దట్టమైన వాన, ముందు ఏమీ కనబడటం లేదు. అయినా రన్‌వే మధ్య గీత మీద పూలబుట్ట దించినట్టు దించాను. చేతులు దులుపుకుని వెనక్కి తిరిగి చూశాను. పొగుడుతాడనుకున్నాను.

పరీక్ష అయ్యాక కూర్చుని మాట్లాడుకునే గదిలోకి వెళ్లాక ఆయన మంచినీళ్లు నా వైపు జరిపాడు. "నడిపింది మాత్రం జబర్దస్త్ సార్. మీ అసొంటి చేతులు నేను ఇంతవరకు చూడలే. గని ఫెయిల్."

నాకు తల కొట్టేసినట్టయింది. "దేనికి?"

ఆయన రికార్డింగ్ పెట్టాడు. అందులో నా ఊపిరి బుసలు వినిపిస్తున్నాయి. మధ్యలో కోపైలట్ గొంతు: "కెప్టెన్, రన్‌వే ఖాళీగా లేదంటున్నారు." కాసేపాగి మళ్లీ అదే గొంతు, ఈసారి గట్టిగా: "కెప్టెన్, రన్‌వే మీద బండి ఉందంటున్నారు." నా నుంచి జవాబు లేదు.

"ఫైర్ ఇంజను పెట్టినం సార్ ఆడ. మీరు మస్తు నీటుగ దింపిండ్రు. దాని మీదనే."

"నా చెవిన పడలేదు" అన్నాను. నిజంగానే పడలేదు.

"పడ్డది సార్. మీరే లోపటికి రానియ్యలే. మీ పక్కన మనిషున్నడన్న ముచ్చటే మీకు యాది లేకుంట అయింది."

నీ పక్కన ఎవరున్నారు అని గురువుగారు అడిగేవాడు. ఎవరూ లేరు సర్ అని ఇన్నేళ్లుగా నా ఒళ్లంతా జవాబు చెబుతూనే ఉంది. ఆ జవాబు ఇప్పుడు తప్పయి కూర్చుంది.

కంపెనీ పద్ధతి ప్రకారం ఇంకొక్క అవకాశం ఉంటుంది. అదీ తప్పితే ఇక కెప్టెన్ మాట ఎత్తకూడదు, రిటైరయ్యేదాకా కుడి సీటే. వాయుసేన వదిలాక నేను పెట్టుకున్న ఆశంతా ఇదొక్కటే. అందులో ఎంత ఎత్తుకు వెళ్లేవాణ్నో తెలియదు గానీ, బయటికొచ్చి మధ్యలో నిలబడిపోయినవాడిగా మాత్రం మిగలదలచుకోలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కోపం ఆయన మీద, ఆ కోపైలట్ మీద, చివరికి ఆ ఫైర్ ఇంజను మీద కూడా వచ్చింది.

మర్నాడు బోయిగూడ కెప్టెనే ఫోన్ చేశాడు. "పరేషాన్ గాకుండ్రి సార్. రేపు రాండ్రి, జెర తమాషా చేద్దాం" అన్నాడు. వెళ్లాను. నన్ను ఎడమ సీట్లో కూర్చోబెట్టి, తను కుడి సీట్లో కూర్చున్నాడు. "చేతులు తొడల కింద పెట్టుకోండ్రి" అన్నాడు.

"ఏంటి?"

"రెండు చేతులు సార్. తొడల కింద. ఏం ముట్టొద్దు. ఏది గావాలన్నా నోటితోని చెప్పుండ్రి, నేను చేస్త. చెప్పకుంటె చెయ్య."

వాయుసేనలో వింగ్ కమాండర్‌గా చేసినవాణ్ని, బడిలో శిక్ష పడ్డ పిల్లవాడిలా చేతుల మీద కూర్చున్నాను. ఆయన అదే నిప్పు పెట్టాడు. అదే గంట మోగింది. నేను నోరు తెరిచాను. "అది... ఆ గంట... దాన్ని, ఆ ఎడమది..." మాట రాలేదు. ఏం చేయాలో వేళ్లకు తెలుసు, నోటికి తెలియదు. ఇన్నేళ్లుగా చేస్తున్న పనులకు నా దగ్గర మాటల్లేవని ఆ రోజు తెలిసింది. ఆయన హాయిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. విమానం వెళ్లి కొండను గుద్దుకుంది. తెర ఎర్రబడింది.

"ఇంకోపారి" అన్నాడు, చాయ్ ఇంకో కప్పు చెబుదామన్నంత తేలిగ్గా.

ఆ రోజు చాలాసార్లు చచ్చాం. తర్వాత రోజు కాస్త తగ్గింది. పని పేరు చెప్పి, అది అతను చేసేదాకా ఆగి, చేశానని అతను అన్నాక ఇంకోటి చెప్పడం. చదవడానికి ఇది చాలా చిన్న సంగతి. నా తొడల కింద చేతులు చేపల్లా కొట్టుకున్నాయని చెబితే నమ్మాలి.

నేను ఇంటికి బయల్దేరేముందు ఆయన అడిగాడు. "మేడమ్‌కు కారు నడపొస్తదా సార్?"

"వచ్చు. నడపదు."

"ఎందుకు నడపరు?"

నేను నేల చూపులు చూశాను. ఆయనకు అర్థమైపోయింది, పగలబడి నవ్వాడు. "అయితె ఇంటికాడ గూడ పనున్నది మనకు. మేడమ్ నడుపుతరు, మీరు చేతుల మీద కూసుంటరు. మళ్ల మీరు నడుపుతరు. మేడమ్ ఆపుమంటె ఆపాలె. ముందుగాల ఆపాలె, ఎందుకని తర్వాత అడగాలె. గంతే."

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ మొహంలో ఒక వెలుగు కనబడింది. పెళ్లయ్యాక అంత వెలుగు అరుదుగా చూశాను.

మా కారులో ఆమె స్టీరింగ్ పట్టినప్పుడల్లా నేను మధ్యలో హ్యాండ్‌బ్రేక్ లాగేసేవాణ్ని, ఒక్కోసారి స్టీరింగ్ కూడా తిప్పేసేవాణ్ని. ఒకరోజు రైల్వే స్టేషన్ ముందు ఆమె తాళాలు నా ఒళ్లో పడేసి ఆటో ఎక్కి వెళ్లిపోయింది. అప్పటినుంచి నడపలేదు. ఇప్పుడు మళ్లీ, నేను ఎడమ పక్క చేతుల మీద కూర్చుని ఉండగా, క్లాక్ టవర్ మీదుగా రెజిమెంటల్ బజార్ సందుల్లోకి కారు పోనిచ్చింది. ఆ సందుల్లో తోపుడుబళ్లు, స్కూటర్లు, దుకాణాల ముందు పేర్చిన డబ్బాలు, వీటన్నిటి మధ్య నుంచి రైలు అందుకోవాలని సామానుతో పరుగెత్తే జనం.

"చేతులు?" అంది నా వైపు చూడకుండానే.

"కిందే ఉన్నాయి."

"కుడి చెయ్యి కదిలింది."

"దురద పెట్టింది."

"నోటితో చెప్పండి. నేను గోకుతాను."

నాలుగు రోజులు అలా తిరిగాం. ఆమె ఎక్కడా దేన్నీ రాయలేదు. నాకంటే నిదానంగా, నాకంటే మర్యాదగా నడుపుతుందని నాలుగో రోజున ఒప్పుకున్నాను, లోపల మాత్రమే.

తర్వాత నా వంతు. నేను నడుపుతుంటే ఆమె పక్కన కూర్చుని, తోచినప్పుడల్లా "ఆపండి" అనేది. మొదటిసారి "ఎందుకు?" అన్నాను. "ఫెయిల్" అంది, ఆయన గొంతులాగే. రెండోసారి మిఠాయి కొట్టు ముందు ఆపించింది. మూడోసారి ఊరికే ఆపించింది. నడిరోడ్డు మీద బ్రేకు వేసేసరికి వెనకనుంచి ఆటో దాదాపు మీదికొచ్చింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏం భయ్యా, నడుమ రోడ్డుల ఆపినవ్? పక్కకు పెట్టరాదా?" అని అరిచాడు. మా ఆవిడ కిటికీ దించి, "పరీక్షకు చదువుకుంటున్నారు అన్నా, ఏమనుకోకు" అంది. వాడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఇంకోరోజు పాత కొట్టు ఉన్న వీధిలోనే, "ఆపండి" అంది. ఇదీ ఆటేననుకుంటూనే ఆపాను. ఎడమ పక్క సందులోంచి నూనె డబ్బాలు ఎత్తుగా కట్టిన తోపుడుబండి వెనక్కి వెనక్కి వచ్చి, మా కారు ముందు నుంచి జానెడు ఎడంలో దాటిపోయింది. బండివాడికి మేం కనబడలేదు. వాడు నాకు కనబడలేదు. ఎందుకని అడిగి ఉంటే వాడి కాళ్లు నా చక్రాల కింద ఉండేవి.

కారు పక్కకు తీసి ఆపాను. "నీకు ఆ పక్కనుంచి అన్నీ కనబడతాయా?" అన్నాను.

"కనబడతాయి."

"మరి ఇన్నేళ్లూ ఎప్పుడూ చెప్పలేదేం?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "చెప్పేదాన్ని. మొదట్లో" అంది.

ఆ రెండు మాటలు నాకు ఆ ఫెయిల్ కంటే గట్టిగా తగిలాయి. ఇంటికి వెళ్లే దాకా ఆమే నడిపింది.

రెండోసారి సిమ్యులేటర్ పరీక్షలో పాసయ్యాను. దాని గురించి చెప్పడానికేమీ లేదు. నేను సగం పనే చేశాను, అందుకే పాసయ్యాను. బోయిగూడ కెప్టెన్ నా వీపు తట్టి, "ఇప్పుడు మీరు సుత మా అసొంటోళ్లే అయిండ్రు సార్" అన్నాడు. అంతకు నెల ముందైతే ఆ మాటకు నాకు ఒళ్లు మండేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మిలిటరీవాళ్లు మొరటుగా నేర్పుతారు, సివిల్‌వాళ్లు నాజూకుగా నేర్పుతారు అని కొందరు తేల్చేస్తుంటారు. నాకు అలా అనిపించదు. ఒంటరిగా ఉన్నప్పుడు కుప్పకూలకుండా నిలబడటం వాయుసేన నేర్పకపోతే, తోడు ఉన్నప్పుడు ఎలా ఉండాలో నేర్చుకునేదాకా నేను బతికే ఉండేవాణ్ని కాదు. రెండిటికీ రుణపడి ఉన్నాను. ఒక గురువు చేతులు ఇచ్చాడు, ఇంకో గురువు వాటిని కాసేపు పక్కన పెట్టించాడు. వాయుసేన దారిన వచ్చే పిల్లలూ, మీ చేతులు మీకంటే ముందే పని పూర్తి చేసేస్తాయి. అది మీ బలం. మీ పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు మాత్రం అది ఒక్కోసారి గోడలా అడ్డం నిలబడుతుంది.

సిమ్యులేటర్ తర్వాత ఇంకో గడప ఉంటుంది. నిజం విమానంలో, నిజం ప్రయాణికులతో ఆఖరి పరీక్ష. ఆ రోజు నేను ఎడమ సీట్లో, వెనక చిన్న సీట్లో పరీక్షించే పెద్దాయన. ఆయన మాట తక్కువ మనిషి. జేబులోంచి పెన్ను తీస్తే చాలు, ముందు సీట్లో ఉన్నవాళ్లకు చెమటలు పట్టేవి. నా కుడి పక్కన కోపైలట్‌గా వచ్చింది నల్గొండ వైపు అమ్మాయి. చేరి ఎక్కువ కాలం కాలేదు. సన్నగా, చూపు దించుకుని ఉండేది. విమానం ఎక్కేముందు ఫోన్లో వాళ్లమ్మతో "హా అమ్మీ, తిన్న, తిన్న" అంటుంటే విన్నాను. ఆ తర్వాత నోట మాట లేదు.

బయల్దేరేముందు నేను అందరు కెప్టెన్లూ చెప్పే మాట చెప్పాను. "నేనేదైనా తప్పు చేస్తుంటే వెంటనే చెప్పు." అందరు కోపైలట్లూ అనేదే ఆమె కూడా అంది. "సరే సార్." ఆ రెండు మాటలకూ పెద్ద విలువ లేదని మా ఇద్దరికీ తెలుసు.

వెళ్లేది తూర్పు తీరాన ఒక ఊరికి. వానాకాలం. సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే మేఘాల్లోంచి కిందికి వచ్చాం. రన్‌వే దీపాలు కనబడ్డాయి. విమానం నా చేతుల్లో ఉంది, అంతా సరిగ్గానే ఉంది. రన్‌వే మీదికి వచ్చాక గాలి తిరిగింది, వెనకనుంచి తోసింది. చక్రాలు ఆనాల్సిన చోటు రానే వచ్చింది, దాటిపోయింది. విమానం నేలకు కొన్ని అడుగుల పైన తేలుతూనే ఉంది, దిగనంటోంది. కింద తడి రన్‌వే తెల్ల గీతలు ఒకటొకటిగా వెనక్కి జారిపోతున్నాయి.

నా చేతులకు భయం లేదు. ఇంతకంటే పొట్టి రన్‌వేల మీద, ఇంతకంటే వేగంగా, ఇంతకంటే చెడ్డ గాలిలో దించిన చేతులవి. ముక్కు కాస్త వంచి నేలకు ఆనించి గట్టిగా బ్రేకు పడితే సరిపోతుందని అవి చెబుతున్నాయి. వెనక పెద్దాయన ఉన్నాడు. ఇప్పుడు వదిలేసి పైకి లేపితే దించడం చేతకాలేదనుకుంటాడేమో. ఇదంతా రెప్పపాటు లోపలే నడిచింది.

"గో అరౌండ్" అంది ఆ అమ్మాయి.

గట్టిగా కూడా అనలేదు. దించొద్దు, మళ్లీ పైకి వెళ్లండి అని దాని అర్థం. ఆ అర్థం నా బుర్రకు ఎక్కేసరికే నా చెయ్యి లివర్లను ముందుకు తోసేసి ఉంది. ఇంజన్లు గర్జించాయి. విమానం ముక్కెత్తి మళ్లీ వానలోకి లేచింది. వెనక క్యాబిన్‌లో ఎవరో చంటిపిల్ల కేర్‌మంది. ఆ అమ్మాయి తన పని చేసుకుంటూ, నేను అడిగినవన్నీ చేసి, చేశానని చెబుతూ పోయింది. ఒక చుట్టు తిరిగి వచ్చాం. ఈసారి గాలి సర్దుకుంది. మామూలుగా దిగాం. దిగుతూ దిగుతూ ఒక ముసలాయన తలుపు దగ్గర ఆగి, "మా ఊరు నచ్చలేదా కెప్టెన్ గారూ, వచ్చి మళ్లీ వెళ్లిపోయారు?" అన్నాడు. నవ్వాను.

అందరూ దిగాక పెద్దాయన ఇంకా ఆ చిన్న సీట్లోనే కూర్చుని ఉన్నాడు. పెన్ను చేతిలో ఉంది.

"ఇంకా రన్‌వే మిగిలే ఉంది. మీకున్న అనుభవానికి దించలేకపోయేవారా?" అన్నాడు.

"దించేవాణ్నేమో సర్."

"మరెందుకు లేపారు?"

చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. వెనక గాలి, తడి నేల, దాటిపోయిన గీతలు. అన్నీ నిజాలే. ఏ పుస్తకంలో చూసినా ఆ సమయంలో లేపడమే సరైనది. కానీ ఆ క్షణాన నేను అవేవీ లెక్కగట్టలేదు. చేతులైతే దించేద్దామనే అన్నాయి. ఈ రోజు అడిగినా అదే అంటాయి.

"ఆ అమ్మాయి చెప్పింది సర్" అన్నాను.

"అంతేనా?"

"అంతే సర్."

ఆయన ఏదో రాశాడు, పెన్ను జేబులో పెట్టాడు, లేచి చెయ్యి చాపాడు. "గుడ్ ఈవెనింగ్, కెప్టెన్" అన్నాడు. ఆ పిలుపు ఆయన నోట వినడానికి నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆయనకు తెలిసే ఉంటుంది. నాకు కళ్లు చెమర్చాయి. సంచి సర్దుకుంటున్నట్టు వంగి తుడుచుకున్నాను.

మెట్లు దిగేసరికి వాన సన్నగా పడుతోంది. ఆ అమ్మాయి కింద నాకోసం ఆగింది. "సార్, ఒక ముచ్చట చెప్తె ఏమనుకోరు గదా?" అంది.

"చెప్పమ్మా."

"గో అరౌండ్ అన్నంక, రెండోపారి గట్టిగ అందామని నోరు తెరిచిపెట్టుకున్న సార్. రెండుపార్లు చెప్పినా కెప్టెన్ ఇనకుంటె మనమే కంట్రోల్ తీస్కోవాలని నేర్పిండ్రు గదా. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్‌ల చేసినోళ్లు ఇనరని అందరు అంటుంటె ఇన్న. పైకెల్లి ఎగ్జామినర్ సార్ ఎన్కనె కూసున్నరు. నేను కంట్రోల్ గుంజుకుంటె మీ పరీక్ష ఖరాబైతది, గుంజుకోకుంటె అందరం పోతం. నా చెయ్యి ఆడిదాక పోయింది సార్. మస్తు భయమైంది."

ఆ రెప్పపాటులో నేను నా పరువు గురించి ఆలోచిస్తుంటే, పక్క సీట్లో ఈ పిల్ల నా పరీక్షనూ, వెనక ఉన్నవాళ్ల ప్రాణాలనూ కలిపి మోస్తోందన్నమాట.

"మరి?" అన్నాను. ఏం అడుగుతున్నానో నాకే తెలియలేదు.

"మీరు మొదటిపారికే ఇన్నరు సార్" అంది.

గొడుగు విప్పి ఆమె వైపు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి బస్సు దాకా నడిచాం.